మా ఆయన ఎన్నికల్లో నిలబడాలనుకున్న ఏడు

వర్ధా నది పొంగి వంతెన మునిగిందంటే రాజురా ఒక దిక్కు, చాందా ఒక దిక్కు అయిపోతాయి. కాగితాల మీద చంద్రపూర్ అని రాసినా మా నోటికి చాందా అనే వస్తుంది. మా ఇల్లు రాజురాలో. మా సిమెంటు పైపుల ఫ్యాక్టరీ చాందా పొలిమేరలో, చిన్న కార్ఖానాలన్నీ వరసగా ఉండే చోట. అందుకని ప్రతి వానాకాలం ఒకటి రెండుసార్లు మా ఆయన అవతలి ఒడ్డున చిక్కుకుపోవడం, నేను ఇవతల వండి పెట్టుకుని కూర్చోవడం మామూలే. ఆ ఏడు మాత్రం ఆయనతో పాటు చాలామంది వ్యాపారులు ఒడ్డునున్న చాయ్ హోటల్లో ఇరుక్కుపోయారు. అందులో నూనె మిల్లు యజమాని ఒకడు, మాకు దూరపు చుట్టం, "అన్నా, గిట్ల ఎంతమంది కాళ్లు పట్టుకుంటం? నువ్వే నిలబడరాదు" అన్నాడట. అందరూ నిజమే నిజమే అన్నారట.

నీళ్లు తగ్గాక ఆయన ఇంటికొచ్చాడు. మట్టి చెప్పులు బయటే విడిచి, బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ, "ఈసారి నిలబడదామనుకుంటున్న" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాను.

"ఎమ్మెల్యేకు."

నేను తువాలు ఇచ్చి, "నిలబడండి" అన్నాను. ఆ మాట నేను మొహమాటానికి అనలేదు. ఆయన ఆ పనికి తగిన మనిషి అని నాకు గట్టి నమ్మకం. కానీ ఆయన నన్ను వింతగా చూశాడు. "గట్ల తొందరపడితే అయితదా? ఆలోచించాలె" అన్నాడు.

ఆలోచించడం ఆ రోజు మొదలైంది. చలికాలం పోయేదాకా సాగింది.

ఆయన గురించి కొంత చెప్పాలి. సిమెంటుకు పర్మిట్లున్న రోజుల్లో, ఒక్కో బస్తా కోసం దఫ్తర్ల చుట్టూ తిరిగి ఫ్యాక్టరీ నిలబెట్టిన మనిషి. చిన్న కార్ఖానాల సంఘానికి అధ్యక్షుడు. ఎవరికి ఏ ఇబ్బందొచ్చినా ముందుండి మాట్లాడేవాడు ఆయనే. పర్మిట్లు పోయి, సర్కారు తలుపులన్నీ తెరిచిందని పేపర్లు రాస్తున్న కాలం అది. మాకూ మంచి రోజులొచ్చాయనుకున్నాం. వచ్చినవి పెద్ద కంపెనీలు. వాళ్ల కొనుగోళ్లన్నీ బొంబాయిలో. ఊర్జానగర్ థర్మల్ స్టేషన్ చిమ్నీలు మా ఫ్యాక్టరీ యార్డులోంచి కనిపిస్తాయి. ఆరబెట్టిన పైపుల మీద దాని బూడిద పడేది, మా మోటార్లకు మాత్రం వారంలో ఒక రోజంతా కరెంటు కోత. "బూడిద మనకు, కరెంటు బొంబాయికి" అని మా ఆయన సంఘం మీటింగుల్లో అనేవాడు. ఆ మాటకు జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అందులో అబద్ధం లేదు.

నేను మంచిర్యాల దిక్కు నుంచి కోడలుగా వచ్చినదాన్ని. తెలుగులో బీఏ దాకా చదివాను. మా మామగారు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. మా ఆయన బడికి వెళ్లి సరిగా కుదురుకునేసరికి రాజురా మహారాష్ట్ర దిక్కు కలిసింది, ఆయన చదువు మరాఠీలో నడిచింది. మా పిల్లలది ఇంగ్లీషు. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదివేదాన్ని నేనొక్కదాన్నే. పెళ్లైన కొన్నాళ్లకు ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చోవడం మొదలుపెట్టాను. పైపుల సైజులు, ఇనుప తీగ, అచ్చులు, లారీలు అన్నీ నేర్చుకున్నాను. కాబట్టి ఆయన ఆలోచించడం మొదలుపెట్టగానే ఫ్యాక్టరీ భారం ఎవరి మీద పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎలక్షన్లకు ఇంకా చాలా నెలలున్నాయి. ఇంటి ముందు చెప్పుల గుట్ట మాత్రం అప్పుడే మొదలైంది. వచ్చిన ప్రతివాడూ, "సేఠ్, ఖరారేనా?" అనేవాడు. ఆయన, "చూద్దాం, ఆలోచిస్తున్న" అనేవాడు. వచ్చినవాడు అది అవునన్నట్టే తీసుకుని, తన పని ఒకటి చెప్పి వెళ్లేవాడు. తమ్ముడికి నౌకరీ, వాడకు బోరింగు, గణపతి మండపానికి చందా. ఆయన ఎవరికీ కాదనేవాడు కాదు. పెళ్లి, చావు, పుట్టు వెంట్రుకలు, ఏదీ విడిచేవాడు కాదు. రెండు జతల తెల్లబట్టలు కుట్టించి అల్మారాలో పెట్టుకున్నాడు. తొడుక్కోలేదు. అవి తొడుక్కుంటే ఖరారైనట్టే కదా.

ఫ్యాక్టరీలో ఎవరినీ కోప్పడటం మానేశాడు. ఒకసారి మా లారీ డ్రైవరు తాగి వచ్చి, కొత్త పైపులున్న వరసకు లారీ గుద్దాడు. వరస మొత్తం పగిలింది. నేను వాణ్ని పనిలోంచి తీసేస్తానంటే మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"జర ఊకో. వాళ్లది పెద్ద కులం. మొత్తం వాడ వాళ్లదే."

"అయితే?"

"అయితే ఏంది? ఓట్లు."

"మీరింకా నిలబడనే లేదు కదా."

"అందుకే చెప్తున్న" అన్నాడు.

ఆ అందుకేకు అర్థం నాకు ఈ రోజుకీ తెలియదు. పగిలిన పైపుల ముక్కలు మాత్రం చాలాకాలం యార్డు మూల పడి ఉన్నాయి.

వానలు వెనకబట్టాక జివతి దిక్కు వెళ్లి జనాన్ని చూసొద్దామన్నాడు. నేనూ జీపులో ఎక్కాను. ఆ కొండల మీది ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. ఒక ఊళ్లో తెలుగు మాట్లాడే రైతు ఒకాయన మమ్మల్ని వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. జొన్న చేను పచ్చగా ఉంది. మా ఆయన వచ్చిన సంగతి చెప్పాడు. రైతు తీరిగ్గా విన్నాడు.

"మాకు రెండు దిక్కుల ఓటుంది పటేలా. ఆంధ్రకేస్తం, మహారాష్ట్రకేస్తం. రెండు దిక్కుల నుంచి వస్తరు, రెండు దిక్కులోళ్లు చేస్తమంటరు. ఇంతకు నువ్వు ఏ దిక్కు మనిషివి?"

"రాజురా మనిషిని. మీ దిక్కే" అన్నాడు మా ఆయన.

"నువ్వేం పని చేస్తవు?"

"సిమెంటు పైపులు చేస్త."

రైతు ముఖం వెలిగింది. మమ్మల్ని లేపి ఊరి చివరి వాగు దగ్గరికి తీసుకుపోయాడు. వానొస్తే పిల్లలు బడికి దాటలేకపోతున్నారట. అడుగున రెండు పెద్ద పైపులు వేసి పైన రాయీ మట్టీ పోసుకుంటే బాట అవుతుందట. పోసే పని ఊరివాళ్లే చేసుకుంటారట. "ఓటు ముచ్చట తరవాత. పైపులున్నయని చెప్పినవు కదా" అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకుని, "నేను గెలిస్తే మొదటి పని ఇదే" అన్నాడు.

రైతు, ఆ మాట అంతకుముందు చాలాసార్లు విన్నవాడి ముఖం పెట్టుకుని మమ్మల్ని జీపు దాకా సాగనంపాడు.

ఘాటు రోడ్డు దిగుతుంటే నేను ఉండబట్టలేకపోయాను. "పైపులు మన యార్డుల పడున్నయి. రేపు లారీ పంపితే అయిపోయే పనికి గెలుసుడెందుకు?" అన్నాను.

"ఇప్పుడిస్తే ఓట్లు కొన్నడంటరు."

"ఎవరంటరు? ఎమ్మెల్యేకు నిలబడ్డోనికి గదా గా మాట. మీరు ఆలోచిస్తున్నరు."

"నీకు రాజకీయం తెల్వదు" అన్నాడు.

అంతకుముందు ఆయన అట్లాంటి మనిషి కాదు. గుడికైనా బడికైనా పైపు అడిగితే, పగులు లేనిది చూసి ఇవ్వమని నాకు చెప్పేవాడు. ఎమ్మెల్యే అయి మేలు చేద్దామనుకోవడం మొదలుపెట్టాక, చేతిలో ఉన్న మేలు చేయడం మానేశాడు. ఆ వారమే రెండు పైపులు లారీకెత్తించి జివతి పంపాను. దాచిపెట్టి కాదు, చెప్పే పంపాను. "నేను చూడలేదనుకో" అన్నాడు, పేపరు చదువుకుంటూ.

ఇట్లా చెబుతుంటే ఆయన చేతగాని మనిషని అనుకుంటారేమో. కాదు. అదే నా బాధ. బతుకమ్మ రోజుల్లో బొగ్గు గనుల కాలనీలో మాట్లాడమని ఆయనను పిలిచారు. తెలంగాణ నుంచి గనుల పనికొచ్చిన కుటుంబాలు అవి. మంచి తెలుగులో మాట్లాడాలని, ఉపన్యాసం రాసివ్వమని నన్నడిగాడు. నేను రాశాను. ఆయనకు తెలుగు చదవరాదు కదా, తెలుగు మాటల్నే మరాఠీ అక్షరాల్లో మళ్లీ రాసిచ్చాను. మరాఠీ రాతలో మన ఎత్వం, ఒత్వం పొట్టిగా రాయడానికి గుర్తు లేదు. ఇంట్లో సరిగ్గానే చదివాడు. అక్కడ మైకు ముందర భయపడి, రాసింది రాసినట్టు, "పేద్దలకు, అక్కచేల్లేండ్లకు" అన్నాడు. పూలు పేర్చుకుని కూర్చున్న ఆడవాళ్లు పక్కున నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మా, మా ఆమె మంచిగనే రాసింది, నాకే చదవరాదు. నాకొచ్చినట్టు మాట్లాడుత" అన్నాడు. ఇక మాట్లాడాడు. గనిలోంచి వచ్చాక స్నానానికి నీళ్లు లేని సంగతి, దవాఖానా సంగతి, ఇక్కడే పుట్టిన పిల్లల్ని బయటివాళ్లంటున్న సంగతి. సగం తెలుగు, పావు మరాఠీ, పావు ఉర్దూ. ఎవరూ కదల్లేదు. అయిపోయాక ఒక ముసలామె లేచి వచ్చి ఆయన తల నిమిరింది. ఆ రోజు ఇంటికొస్తుంటే నాకు ఎంత సంతోషమైందో, "ఇప్పుడైనా ఖరారు చెప్పండి" అని ఎన్నిసార్లన్నానో. "చెప్పాలె, చెప్పాలె. పార్టీ ఏమంటదో చూద్దాం" అన్నాడు.

పార్టీ పెద్దమనిషి ఒకాయన దీపావళి తర్వాత మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పేరు, పార్టీ చెప్పను. జిల్లాలో ఆయన తలూపితే పని అవుతుందనే పేరుండేది. పొద్దున అంబలి తాగే వేళ నుంచి వంట చేశాను. ఆయన మామిడికాయ పచ్చడి మళ్లీ వేయించుకుని, "వహినీ, తెలుగువాళ్ల చేతి కారమే కారం" అని మరాఠీలో మెచ్చుకున్నాడు. తరువాత మా ఆయన వైపు తిరిగాడు. మాటలన్నీ మరాఠీలోనే, నన్ను వదిన, ఆయన్ను అన్న చేసేశాడు.

"భావూ, తెలుగు ఓట్లన్నీ మీ జేబులో ఉన్నాయని విన్నాను. ఇంతకీ మీ ఊరేది?"

"రాజురా."

"అది సరే. అసలు ఊరు?"

"రాజురానే సాహెబ్. మా నాన్న ఇక్కడే పుట్టాడు, మా తాత ఇక్కడే పోయాడు."

"అంతకు ముందు?"

మా ఆయన, "అంతకు ముందు ఇదంతా నిజాం రాజ్యం. ఈ రాష్ట్రమే లేదు కదా" అన్నాడు.

పెద్దమనిషి గట్టిగా నవ్వాడు. చేయి కడుక్కుని, వక్కపొడి వేసుకుని, "టికెట్ల సమయానికి బొంబాయి రండి, మాట్లాడదాం" అని కారెక్కాడు.

మా ఆయన తన జవాబుకు తానే మురిసిపోతున్నాడు. నేను గిన్నెలు తీస్తూ, "ఇస్త అన్నడా?" అని అడిగాను.

"రమ్మన్నడు."

"ఇస్త అన్నడా అని అడుగుతున్న."

"రమ్మన్నడంటే ఇంకేంది అర్థం?"

"తెలుగు ఓట్లు కావాలె, తెలుగు మనిషి వద్దు. నాకు గిదే అర్థమైంది" అన్నాను.

టికెట్ల సమయంలోనే ఊర్జానగర్ కాలనీలో కొత్త మురుగు కాలువలకు పైపులు కావలసి వచ్చింది. బేరం మాట్లాడటానికి మా ఆయనే రావాలని ఇంజనీరు కబురు పెట్టాడు. మా ఆయన అప్పటికే బొంబాయి పోయి ఉన్నాడు. నేను వెళ్లాను. ఆ ఇంజనీరు గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడే. "మీవారు రాలేదాండీ?" అని, నేను పైపు మందం, తీగ వరసలు చెబుతున్నంతసేపూ తలుపు వైపే చూశాడు, ఆయన ఇప్పుడో అప్పుడో వస్తాడన్నట్టు. ఆ పని మాకు సగమే వచ్చింది. మిగతా సగం నాగపూర్ వాళ్లకు పోయింది.

బొంబాయిలో ఆయన టికెట్ల కోసం వచ్చినవాళ్లతో నిండిన వరండాల్లో రోజంతా కూర్చునేవాడట. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసేవాడు. "ఇయ్యాల లిస్టుల మన పేరున్నదంట." మర్నాడు, "ఇయ్యాల కొంచెం కిందికి పోయిందంట." తర్వాత ఫోన్ రాలేదు. మనిషే వచ్చాడు. టికెట్టు ఒక పాత నాయకుడి మేనల్లుడికి దక్కింది. ఆ మేనల్లుడు వంతెన మునిగితే అవతలి ఒడ్డున కూర్చున్న మనిషి కాదు, నాగపూర్‌లో ఉండేవాడు. మా ఇంట్లో భోంచేసిన పెద్దమనిషి మా ఆయన భుజం తట్టి, "ఈసారికి మావాణ్ని గెలిపించండి భావూ, మిమ్మల్ని మేం చూసుకుంటాం" అన్నాడట.

ఇంటికొచ్చిన సాయంత్రమే మళ్లీ ముంగిట చెప్పులు. నూనె మిల్లు చుట్టం అందరికన్నా ముందు. "అన్నా, పార్టీ పోతే పోనీ. ఇండిపెండెంటుగ నిలబడు. మేమందరం లేమా?" మా ఆయన ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ఆ రాత్రి మొదటిసారి ఆయన నోటి నుంచి ఖరారు మాట విన్నాను. "నిలబడుత" అన్నాడు. నేను అల్మారాలోంచి తెల్లబట్టలు తీసి ఇస్త్రీకిచ్చాను.

నామినేషను కాగితం తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో దాని మీద, ఈయన పేరు నేను ప్రతిపాదిస్తున్నాను అని నియోజకవర్గంలో ఓటున్న ఒక్క మనిషి దస్కత్ చేస్తే చాలు. ఒక్క సంతకం. దానికోసం పొద్దున్నే నూనె మిల్లుకు వెళ్లాడు. నేను ఆటోలో కూర్చుని ఉన్నాను, మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"నీ వెనకాల నేనున్న అన్నా. ముందర మాత్రం నిలబెట్టకు. నా కొత్త కరెంటు కనెక్షను వాళ్ల చేతుల ఉంది. దస్కత్ చూస్తే ఆపేస్తరు."

"నువ్వే కదరా నిలబడుమన్నవ్."

"ఇప్పుడూ అంటున్న. నిలబడు. ఓటేస్త. ఇంకోళ్లతోని చేయించు."

ఇంకొకాయన పనుల కాంట్రాక్టరు. బిల్లు పాసు కావాలన్నాడు. మరొకాయన కొడుకు బదిలీ గురించి చెప్పాడు. సంఘం కార్యదర్శి అసలు ఇంట్లో లేడన్నారు, గేటు లోపల ఆయన స్కూటరు కనిపిస్తోంది. గనుల కాలనీ వాళ్లను అడగండి అన్నాను. "వాళ్లు నౌకరీదారులు, వాళ్లను ఇరికించొద్దు" అన్నాడు. అది నిజమే. ప్రతివాడూ చాయ్ ఇచ్చాడు, ప్రతివాడూ నేనున్నానన్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్కొక్కరి మెడ ఒక్కో చోట ఇరుక్కుని ఉంది, అంతే. అయినా నాకు వాళ్ల మీద కోపం ఇప్పటికీ పోలేదు.

చివరి రోజు పొద్దున ఆయన తెల్లబట్టలు తొడుక్కుని, కాగితం ముందర పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా వస్తారేమోనని వాకిలి వైపు చూస్తున్నాడు. ఆ రోజు ఒక్క చెప్పూ లేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఇటియ్యండి. నేను చేస్త దస్కత్."

"నువ్వా?"

"నాకు ఓటు ఈడనే ఉంది. పెండ్లాం చెయ్యొద్దని కానూనుల ఉందా?"

"లేదు."

"మరి?"

ఆయన కాగితాన్ని బల్ల మీద ఇటూ అటూ జరిపాడు. "నవ్వుతరు" అన్నాడు చివరికి.

"ఎవరు?"

"అందరు. ఇంట్ల పెండ్లాం తప్ప ఒక్కడు దొరకలేదా అంటరు. ఇజ్జత్ పోతది."

"దొరకలేదు కదా. ఉన్న మాటే కదా."

"ఉన్న మాటైతే మాత్రం కాగితం మీద రాసుకుంటమా?"

"ఇన్నేండ్ల సంది ఫ్యాక్టరీ కాగితాలన్నిటి మీద నేను చేస్తే చెల్లింది. గీ ఒక్కదాని మీద చెల్లదా?"

ఆయన లేచాడు. లోపలికి వెళ్లి తెల్లబట్టలు విడిచి, రోజూ వేసుకునే బూడిదరంగు ప్యాంటూ చొక్కా వేసుకుని, చాందా పోయాడు. కాగితం బల్ల మీదే ఉంది. నేను మంచి చీర కట్టుకుని తయారై ఉన్నాను, తహసీలు దఫ్తరుకు వెళ్లాల్సి వస్తుందని. మనసు మార్చుకుని వస్తాడేమోనని గడువు దాటేదాకా ఆ చీరలోనే ఉన్నాను.

తర్వాత ఎవరడిగినా ఆయన చెప్పే కథ ఒకటే. పార్టీ అన్యాయం చేసింది, డబ్బున్నవాడికి టికెట్టిచ్చింది, లేకపోతే గెలిచేవాణ్ని. జనం అయ్యో అనేవాళ్లు. బల్ల మీది కాగితం సంగతి ఆ కథలో ఉండదు. నేను పక్కనే ఉన్నా ఉండదు. ఎన్నోసార్లు నోటిదాకా వస్తే దిగమింగుకున్నాను. ఆయన ఓడిపోయి ఉంటే కూడా నాకు ఇంత విసుగుండేది కాదనుకుంటాను. ఓడిపోయినవాడి పక్కన నిలబడవచ్చు. ఆలోచించి మానుకున్నవాడి పక్కన ఎట్లా నిలబడాలో నాకు తెలియలేదు.

ఓట్ల రోజున ఇద్దరం మరాఠీ బడికి వెళ్లాం. మగవాళ్ల వరస చిన్నది, ఆయన ముందే వేసి బయట ఎండలో నిలబడ్డాడు. ఆడవాళ్ల వరస మెల్లగా కదులుతోంది. అక్కడి నుంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆయనకు నమస్తే పెడుతున్నారు. "సేఠ్, మీరుంటే మీకే వేద్దుము" అంటున్నారు. ఆయన నవ్వుతూ చేతులు జోడిస్తున్నాడు. గెలిచినవాడు కూడా అంత నిండుగా నవ్వి ఉండడు.

తిరిగొస్తుంటే అన్నాడు, "చూసినవా, ఎంతమంది అన్నరో."

"చూసిన. వాళ్లల్ల ఒక్కడన్న దస్కత్ చేసిండా?"

సందు మలుపు దగ్గర అడిగాడు, "నువ్వు ఎవరికేసినవ్?"

"చెప్ప."

"నాకు సుత చెప్పవా?"

"చెప్ప" అన్నాను.

ఆయన నడక పెంచి ముందుకు పోయాడు. ఆయనకు అటు నుంచి అటే ఫ్యాక్టరీకి పోయే పనుంది, నేను కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను.